ఉపశమన చికిత్స

నయం కాని జబ్బు, లేదా నయమవుతుందో లేదో చెప్పలేని తీవ్రమైన జబ్బు ఉన్న మనిషికి నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్లు, నిద్రలేమి, భయం, దిగులు వంటి బాధలను తగ్గించడం, ఆ మనిషిని చూసుకుంటున్న ఇంటివాళ్లకు ఆసరాగా నిలవడం పనిగా పెట్టుకున్న వైద్యశాఖ ఉపశమన చికిత్స. ఆసుపత్రుల్లో దీన్ని పాలియేటివ్ కేర్ అనే అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 5 కోట్ల 68 లక్షల మందికి ఈ చికిత్స అవసరమవుతోంది. అందుతున్నది 14 శాతం మందికే.

ఇది చావు దగ్గరపడ్డాక చేసే సేవ అన్న అభిప్రాయం మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. పెద్దాసుపత్రిలో డాక్టరు ‘ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అంటారు. డాక్టర్లు చేతులెత్తేశారని చుట్టాలు చెప్పుకుంటారు. ఆ తర్వాతి వారాలో నెలలో ఇంట్లో మంచం మీద, ఊళ్లో ఆర్‌ఎంపీ ఎక్కించే సెలైన్ సీసాల మధ్య గడుస్తాయి. క్యాన్సర్ రోగికి కీమో పనిచేయడం ఆగిపోయిందని చెప్పాల్సినచోట వాడే ‘ఇంక చేసేదేమీ లేదు’ అన్న ఆ వాక్యం వైద్యపరంగా తప్పు. గడ్డను కరిగించడానికి చేసేదేమీ లేకపోవచ్చు. ఆ గడ్డ పెట్టే నొప్పికి, పుండు నుంచి వచ్చే వాసనకు, ఆయాసంతో రాత్రంతా కూర్చునే ఉండాల్సి రావడానికి చేయగలిగినవి చాలా ఉన్నాయి. వాటిలో చాలావరకు ఖరీదైనవి కూడా కావు.

ఎవరికి, ఎప్పుడు

పేరు వినగానే క్యాన్సర్ గుర్తుకొస్తుంది గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఈ చికిత్స అవసరమైన పెద్దవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులవాళ్లే ముందున్నారు: 38.5 శాతం. క్యాన్సర్ 34 శాతంతో రెండో స్థానంలో ఉంది. ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బులు, ఎయిడ్స్, మధుమేహం ఆ తర్వాత వస్తాయి. కిడ్నీలు, కాలేయం చెడిపోయినవాళ్లు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లు, పార్కిన్సన్స్ వంటి నరాల జబ్బులవాళ్లు, మతిమరుపు ముదిరిన వృద్ధులు కూడా ఈ వరుసలోనే ఉన్నారు.

ఈ జబ్బులన్నీ ఒకే తీరుగా నడవవు. క్యాన్సర్ రోగి చాలాకాలం తన పనులు తాను చేసుకుంటూ ఉండి, చివరి నెలల్లో గబగబా దిగజారతాడు. గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో మనిషి పడుతూ లేస్తూ ఉంటాడు. ఒకసారి ఐసీయూ నుంచి లేచి వచ్చినవాడు ఈసారీ లేచి వస్తాడనే ఇంట్లో అనుకుంటారు, ఏ సారి లేవడో డాక్టరూ చెప్పలేరు. మతిమరుపు జబ్బులోనైతే ఏళ్ల తరబడి మెల్లగా కరిగిపోవడమే. అందువల్ల ‘ఇంకా ఎన్నాళ్లు బతుకుతాడు’ అన్న ప్రశ్నను బట్టి ఉపశమన చికిత్స మొదలుపెట్టాలనుకుంటే క్యాన్సర్ కాని రోగులకు అది ఎప్పటికీ మొదలే కాదు. బాధ ఎప్పుడు మొదలైతే చికిత్స అప్పుడు మొదలవ్వాలన్నది నేటి వైద్యుల మాట. కీమో, రేడియేషన్, డయాలసిస్ జరుగుతూ ఉండగానే పక్కన ఇదీ నడవవచ్చు.

ముందుగా మొదలుపెడితే లాభమేమిటో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 2010లో చూపించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒళ్లంతా పాకిన 151 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు క్యాన్సర్ చికిత్స, రెండో జట్టుకు దానితోపాటు మొదటినుంచీ ఉపశమన చికిత్స ఇచ్చారు. రెండో జట్టులో దిగులు తగ్గింది, చివరి రోజుల్లో కీమో వంటి కఠిన చికిత్సలు తీసుకున్నవాళ్లూ తగ్గారు. అయినా వాళ్లే ఎక్కువకాలం బతికారు. మధ్యస్థ ఆయుర్దాయం మొదటి జట్టుకు 8.9 నెలలు, రెండో జట్టుకు 11.6 నెలలు. ఉపశమన చికిత్స అంటే ఆశ వదిలేయడమే అనే వాదనకు ఇంతకన్నా సూటి జవాబు లేదు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నింటిలోనూ ఆయుర్దాయం పెరిగిందని చెప్పలేం. బాధ తగ్గుతుందన్న విషయంలో మాత్రం పెద్దగా భిన్నాభిప్రాయం లేదు.

పుట్టుక

ఈ శాఖకు ఆద్యురాలు బ్రిటన్‌కు చెందిన సిసిలీ సాండర్స్ (1918–2005). మొదట నర్సు. నడుం నొప్పి వల్ల ఆ పని మానుకుని ఆసుపత్రిలో సోషల్ వర్కరయ్యారు. 1948లో క్యాన్సర్‌తో చనిపోతున్న డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదు శరణార్థితో ఆమెకు స్నేహం కుదిరింది. చనిపోయేవాళ్ల కోసం ఒక ప్రత్యేకమైన ఇల్లు ఉండాలని వాళ్లిద్దరూ మాట్లాడుకునేవారు. ఆ ఇంటికి ఒక కిటికీ పెట్టించమని అతను 500 పౌండ్లు రాసిచ్చి వెళ్లాడు. చనిపోయేవాళ్ల బాధ గురించి నర్సు చెబితే ఎవరూ వినరని ఒక సర్జన్ సలహా ఇవ్వడంతో ఆమె ఆ వయసులో వైద్యవిద్యలో చేరి, 1957లో డాక్టరయ్యారు. నొప్పి వచ్చాక రోగి అడిగితే ఇచ్చే మార్ఫిన్‌ను, నొప్పి రాకముందే గంటల ప్రకారం నోటి ద్వారా ఇవ్వడం ఎంత మేలో లండన్‌లోని సెయింట్ జోసెఫ్స్ హాస్పీస్‌లో పనిచేస్తూ నమోదు చేశారు. 1967లో లండన్‌లోనే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ తెరిచారు. టాస్మా ఇచ్చిన డబ్బుకు గుర్తుగా అక్కడ ఒక కిటికీ ఉంది.

పాలియేటివ్ కేర్ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది కెనడా సర్జన్ బాల్ఫర్ మౌంట్. సాండర్స్ దగ్గర చూసింది మాంట్రియల్‌లోని రాయల్ విక్టోరియా హాస్పిటల్‌కు తెచ్చి, 1975లో మామూలు ఆసుపత్రి లోపలే దానికొక వార్డు పెట్టించాడు. అంతకుముందు హాస్పీస్ అంటే ఆసుపత్రి బయట ఉండే వేరే ఇల్లు. మౌంట్ తర్వాత అది మిగతా విభాగాల పక్కన కూర్చుంది.

సాండర్స్ ఇచ్చిన అసలు ఆస్తి భవనం కాదు, ఒక ఆలోచన. ఆమె దాన్ని ‘సంపూర్ణ నొప్పి’ అన్నారు. నొప్పిలో ఒంటి బాధతో పాటు మనసు, సంసారం, డబ్బు, దేవుడు అన్నీ కలిసిపోయి ఉంటాయని దాని సారాంశం. గొంతు క్యాన్సర్ ఉన్న ఒక కౌలురైతును అనుకుందాం. మందు మోతాదు రెండుసార్లు పెంచినా నొప్పి తగ్గలేదంటాడు. నర్సు కాస్త తీరిగ్గా కూర్చుని అడిగితే, వైద్యానికి తెచ్చిన అప్పుకు కూతురి పేరు మీదున్న ప్లాటు తాకట్టు పెట్టారని, ఆ సంగతి అల్లుడికి ఇంకా చెప్పలేదని బయటపడుతుంది. ‘నేనేం పాపం చేశానమ్మా’ అని కూడా అంటాడు. అతనికి మార్ఫిన్ అవసరమే. మార్ఫిన్ ఒక్కటే సరిపోదు. ఉపశమన చికిత్స బృందంలో డాక్టరు, నర్సుతోపాటు కౌన్సిలరు, సోషల్ వర్కరు, వాలంటీరు ఎందుకుంటారో ఇలాంటి ఇంటికి వెళ్తే తెలుస్తుంది.

నొప్పి, మార్ఫిన్

క్యాన్సర్ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో మూడు మెట్ల నిచ్చెన ఇచ్చింది. మొదటి మెట్టు పారాసిటమాల్ వంటివి, రెండోది కోడీన్, ట్రామడాల్ వంటివి, మూడోది మార్ఫిన్. 2018 నాటి మార్గదర్శకాల్లో ఆ నిచ్చెన పాఠం చెప్పడానికి పనికొచ్చే బొమ్మగా మాత్రమే మిగిలింది. నొప్పి తీవ్రంగా ఉంటే నేరుగా బలమైన మందుతోనే మొదలుపెట్టవచ్చు. మిగిలిన సూత్రాలు మాత్రం చెక్కుచెదరలేదు: వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి, గడియారం చూసి ఇవ్వాలి, మనిషిని బట్టి మోతాదు మార్చాలి, చిన్న విషయాలను కూడా పట్టించుకోవాలి.

ఇందులో గడియారం సంగతి మన ఇళ్లలో ఎవరికీ ఒక పట్టాన ఒప్పదు. నొప్పి లేనప్పుడు మాత్రెందుకు అనే అడుగుతారు. మామూలు మార్ఫిన్ మాత్ర పని చేసేది సుమారు 4 గంటలు. దాని ప్రభావం దిగిపోయాక నొప్పి లేచి, అప్పుడు మాత్ర వేసుకుని, అది పనిచేసేదాకా గిలగిలలాడటమంటే రోజుకు ఐదారుసార్లు నరకం చూడటమే. అందుకే ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10 అని కవరు మీద రాసిస్తారు. అర్ధరాత్రి లేవకుండా ఉండటానికి రాత్రి 10 గంటల మోతాదు రెట్టింపు చేయడం కూడా ఆనవాయితీ. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసుకోవడానికి విడిగా ఒక మాత్ర చెబుతారు. మార్ఫిన్ చీటీతోపాటు విరేచనానికి మాత్ర రాయకపోతే ఆ చీటీ సగమే రాసినట్టు. మార్ఫిన్ తెచ్చే మలబద్ధకం మందు వాడినన్నాళ్లూ వదలదు. వికారం, మగత చాలామందికి మొదటి కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి.

భయాలు మూడు. అలవాటైపోతుందన్నది మొదటిది. నొప్పికి సరైన మోతాదులో, డాక్టరు కనిపెట్టుకుని ఉండి ఇచ్చినప్పుడు వ్యసనం అరుదు. ఒంటికి మందు అలవాటుపడి, ఒక్కసారిగా ఆపితే ఒళ్లు విరుచుకోవడం, చెమటలు పట్టడం వేరు, మత్తు కోసం వెంపర్లాడటం వేరు. రెండోది, ఊపిరి ఆగిపోతుందన్న భయం. చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచితే ఆ ప్రమాదం చాలా తక్కువ, నిజానికి ఆయాసం తగ్గించడానికే తక్కువ మోతాదు మార్ఫిన్ ఇస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మాత్రం మార్ఫిన్ వ్యర్థాలు ఒంట్లో పేరుకుపోతాయి కాబట్టి ఫెంటానిల్ వంటి వేరే మందుకు మారాలి. మూడో భయం తీసేయడం అన్నిటికన్నా కష్టం: ‘మార్ఫిన్ ఇచ్చారంటే ఇక అయిపోయినట్టే’ అన్నది. మార్ఫిన్ వేసుకుంటూ ఉద్యోగానికి వెళ్లేవాళ్లున్నారు. మందు ఇచ్చేది మిగిలిన ఆయుష్షును చూసి కాదు, నొప్పి ఎంతుందో చూసి.

ఈ మందు కథలో ఎగతాళి లాంటి ఒక నిజం ఉంది. వైద్య అవసరాలకు నల్లమందును చట్టబద్ధంగా పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సుతో గసగసాల చేలు వేస్తారు. నీమచ్, ఘాజీపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలు ఆ నల్లమందును శుద్ధి చేస్తాయి. చాలాకాలం అందులో ఎక్కువభాగం విదేశాలకే వెళ్లింది. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కింద చిన్న లెక్క తప్పుకూ పదేళ్ల జైలు భయం పట్టుకుంది. ఒక ఆసుపత్రి మార్ఫిన్ తెప్పించుకోవాలంటే ఎక్సైజు, డ్రగ్ కంట్రోల్ అంటూ నాలుగైదు లైసెన్సులు ఒకేసారి చెల్లుబాటులో ఉండాల్సి వచ్చేది. ఒకటి వచ్చేలోగా ఇంకొకటి గడువు తీరిపోయేది. మందుల షాపులు, ఆసుపత్రులు మార్ఫిన్ పెట్టడమే మానేశాయి. చట్టం వచ్చిన పన్నెండేళ్లలో దేశంలో మార్ఫిన్ వైద్య వాడకం 90 శాతానికి పైగా పడిపోయి, 1997 నాటికి ఏడాదికి 18 కిలోలకు చేరింది. నొప్పి వైద్యం తెలియని ఒక తరం డాక్టర్లు అలా తయారయ్యారు. మార్ఫిన్ మాత్రను చేత్తో పట్టుకోకుండానే ఎంబీబీఎస్ పూర్తిచేసినవాళ్లు ఇప్పటికీ తక్కువేమీ కాదు.

ఉద్యమకారుల పోరు తర్వాత 2014లో చట్టాన్ని సవరించారు. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సీకోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్ అనే ఆరింటిని ‘అత్యావశ్యక మాదక ఔషధాలు’గా ప్రకటించారు. లైసెన్సుల గుంపు పోయింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి ‘గుర్తింపు పొందిన వైద్య సంస్థ’ అని అనుమతిస్తే చాలు. కాగితం మీద దారి సాఫీ అయింది. నడిచేవాళ్లు తక్కువ. గుర్తింపు తీసుకోవాలంటే శిక్షణ పొందిన డాక్టరుండాలి, రిజిస్టరు రాయాలి, తాళం వేసిన బీరువా పెట్టాలి. మార్ఫిన్ మాత్ర చవక కాబట్టి దానిమీద లాభమూ ఉండదు. ఈ చివరి కారణాన్ని పైకి ఎవరూ చెప్పరు.

ప్రపంచం మొత్తంలోనూ పంపకం ఇలాగే ఉంది. లాన్సెట్ కమిషన్ 2017 నివేదిక ప్రకారం మార్ఫిన్ లెక్కలోకి మార్చి చూస్తే ఏటా పంపిణీ అయ్యే 298.5 టన్నుల నొప్పి మందుల్లో అతి పేద దేశాలకు చేరేది 0.1 టన్ను. డబ్బున్న దేశాల్లో అదే జాతి మందుల విచ్చలవిడి అమ్మకం లక్షలాది మందిని బలితీసుకుంది. అమెరికా అనుభవాన్ని చూపించి మన దగ్గర మార్ఫిన్ వద్దనేవాళ్లు ఉగాండాను కూడా చూడాలి. ఆన్ మెరిమన్ అనే డాక్టరు 1993లో అక్కడ ప్రారంభించిన హాస్పీస్‌లో మార్ఫిన్ పొడిని నీళ్లలో కలిపి సీసాల్లో ఇవ్వడం మొదలైంది. తర్వాత శిక్షణ పొందిన నర్సులు కూడా మార్ఫిన్ రాసేలా ఆ దేశం చట్టం మార్చుకుంది.

పుండు, ఆయాసం, అన్నం

నోటి క్యాన్సర్ మన దేశంలో చాలా ఎక్కువ. గుట్కా, ఖైనీ, చుట్ట కారణం. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు అంగిలి క్యాన్సర్‌కు దారితీస్తుందని వైద్యపరిశోధనల్లో ఎప్పుడో తేలింది. ఈ క్యాన్సర్లు ముదిరితే చెంప చీల్చుకుని పుండు బయటికి వస్తుంది. వాసన భరించలేక రోగిని వసారాలోకో పశువుల కొట్టంలోకో మార్చిన ఇళ్లున్నాయి. ఆ వాసనకు కారణం ఆక్సిజన్ అక్కరలేని ఒక రకం బ్యాక్టీరియా. పుండును ఉప్పునీళ్లతో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రను మెత్తగా నూరి ఆ పొడి చల్లి, శుభ్రమైన గుడ్డ కడితే కొద్దిరోజుల్లో వాసన తగ్గుతుంది. రూపాయల్లో అయ్యే వైద్యం ఇది. పురుగులు పడితే టర్పెంటైన్‌లో తడిపిన గాజుగుడ్డను పుండు పక్కన పెట్టి, అవి బయటికి వచ్చాక పట్టకారుతో తీసేస్తారు. ఇంటికి వచ్చిన నర్సు ఈ పని రెండుసార్లు చేసి చూపిస్తే మూడోసారి కోడలో కొడుకో చేయగలుగుతారు. రోగి మళ్లీ ఇంట్లోకి వస్తాడు.

ఆయాసానికి మందుకన్నా ముందు చేయాల్సినవి ఉన్నాయి. తలవైపు ఎత్తుచేసి కూర్చోబెట్టడం, కిటికీ తెరవడం, ముఖానికి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టడం, మంచం చుట్టూ మూగిన చుట్టాలను పక్కకు పంపడం. మంచాన పడ్డవాళ్లను రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పకపోతే పిరుదులు, మడమలు, తుంటి దగ్గర ఒత్తిడి పుండ్లు పడతాయి. నీళ్ల పరుపు వేశాం కదా అని తిప్పడం మానేయడం చాలా ఇళ్లలో జరిగేదే.

అన్నం దగ్గర మాత్రం వైద్యం, మమకారం ఎదురుపడతాయి. జబ్బు చివరి దశలో ఒళ్లు ఆహారాన్ని వాడుకోవడం మానేస్తుంది, ఆకలి దానంతటదే పోతుంది. తినకపోవడం వల్ల మనిషి పోతున్నాడని ఇంటివాళ్లు అనుకుంటారు. నిజానికి పోతున్నాడు కాబట్టే తినడం లేదు. బలవంతంగా కుక్కితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. చివరి రోజుల్లో ఎక్కించిన సెలైన్ చాలామందికి కాళ్లలో నీరుగా, గొంతులో గురగురగా మారుతుంది. ‘కనీసం గ్లూకోజైనా పెట్టించలేదా’ అని రేపు ఎవరో అంటారన్న భయంతోనే చాలా సీసాలు ఎక్కుతుంటాయి. ఈ సంగతి ముందే విడమరిచి చెప్పడం నర్సు పనిలో పెద్ద భాగం. పెదాలు తడిపే పని ఇంటివాళ్లకు అప్పగిస్తారు. తడి దూదితో నోరు తుడవడం, చెంచాతో రెండు చుక్కలు పోయడం, కావాలంటే తులసి తీర్థం. చేతికి పని ఉంటే మనసు కాస్త కుదుటపడుతుంది.

చెప్పాలా వద్దా

‘నాన్నకు మాత్రం చెప్పకండి మేడం, తట్టుకోలేరు.’ తెలుగునాట క్యాన్సర్ డాక్టర్లు రోజూ వినే మాట ఇది. గది బయట కొడుకు ఇలా అంటాడు. లోపల తండ్రి ‘నాకు తెలుసమ్మా, పిల్లలకు చెప్పకు, భయపడతారు’ అంటాడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు నటిస్తూ మిగిలిన కాస్త సమయం గడిపేస్తారు. కీమో వార్డులో పడుకుని చుట్టూ ఉన్నవాళ్లను చూస్తున్న మనిషికి తన జబ్బేమిటో తెలియదనుకోవడం అమాయకత్వమే.

అలాగని కుటుంబాన్ని తోసేసి రోగి ముఖాన నిజం చెప్పేయడం ఈ శాఖ పద్ధతి కాదు. ముందు ఆయనకు ఎంత తెలుసో అడుగుతారు, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో అడుగుతారు, దాన్ని బట్టి మెట్టు మెట్టుగా వెళ్తారు. ‘మీకు చెప్పమంటారా, ఈ విషయాలు మీ అబ్బాయితో మాట్లాడమంటారా’ అంటే ‘వాడితోనే మాట్లాడండి’ అనే హక్కు కూడా ఆ పెద్దాయనదే. కుటుంబంతో మాట్లాడేటప్పుడు ‘మీరు చెప్పొద్దంటున్నది ఆయన మీద ప్రేమతోనే’ అని మొదలుపెట్టడం అనుభవమున్న డాక్టర్లు పాటించే పద్ధతి. విల్లు రాయడం, అప్పులు తేల్చడం, దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న కూతురిని పిలిపించుకోవడం వంటి పనులకు రోగికి నిజం తెలియడం అవసరం. విదేశాల్లో ఉన్న పిల్లలు ఆఖరి వారంలో దిగి, అంతవరకు జరిగినదంతా కాదని ‘వెంటిలేటర్ పెట్టండి, ఎంతైనా ఫర్వాలేదు’ అనడం కూడా ముందే మాట్లాడుకోకపోవడం వల్లే.

మన దేశంలో

భారతదేశంలో మొదటి హాస్పీస్ ముంబైలోని శాంతి అవేదన. క్యాన్సర్ సర్జన్ ఎల్.జె. డిసౌజా 1986లో దాన్ని స్థాపించారు. ఆ తర్వాత పుణే, బెంగళూరు, ఢిల్లీ వంటి నగరాల్లో సంస్థలు వచ్చాయి. ఢిల్లీలోని క్యాన్‌సపోర్ట్ మంచాలు పెట్టకుండా రోగుల ఇళ్లకు బృందాలను పంపే పద్ధతి ఎంచుకుంది.

అయితే దేశానికి దారి చూపింది కోజికోడ్. అక్కడి మెడికల్ కాలేజీలో మత్తుమందు విభాగం డాక్టర్లు ఎం.ఆర్. రాజగోపాల్, సురేశ్ కుమార్, మరికొందరు మిత్రులు 1993లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని ఒక చిన్న అవుట్‌పేషెంట్ క్లినిక్‌గా మొదలుపెట్టారు. ఆసుపత్రికి రాగలిగినవాళ్లే వస్తున్నారని, అసలు అవసరమున్నవాళ్లు ఊళ్లలో మంచాల మీద ఉండిపోతున్నారని త్వరలోనే వాళ్లకు అర్థమైంది. దాంతో మలప్పురం జిల్లాలో పనిని ఊరివాళ్ల చేతికే ఇచ్చేశారు. వారానికి కొన్ని గంటలు కేటాయించగలిగిన టీచర్లు, రైతులు, దుకాణదారులు, విద్యార్థులు శిక్షణ తీసుకుని తమ వీధిలో మంచాన పడ్డవాళ్లెవరో గుర్తిస్తారు. వాళ్లే నర్సును వెంటబెట్టుకుని వెళ్తారు, బియ్యం సాయం చేస్తారు, పిల్లల బడి ఫీజు చూస్తారు. ఖర్చులో పెద్ద భాగం చిన్న చిన్న చందాలు. డాక్టరు ఈ వ్యవస్థలో ఒక భాగం, యజమాని కాదు. కేరళ ప్రభుత్వం 2008లో పాలియేటివ్ కేర్ విధానం ప్రకటించి, దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రమైంది. పంచాయతీలు కమ్యూనిటీ నర్సును నియమించుకుని ఇంటింటి సేవ నడుపుతున్నాయి. రాజగోపాల్ 2003లో తిరువనంతపురం కేంద్రంగా పాలియం ఇండియా స్థాపించి మార్ఫిన్ చట్టం మార్పు కోసం పనిచేశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కేరళ నమూనాను ఉన్నదున్నట్టు తెచ్చి నాటితే వేరేచోట మొలవదని చాలామంది అంటారు. అక్కడి గ్రంథాలయ ఉద్యమం, బలమైన పంచాయతీలు, సంఘాల అలవాటు దాని కింది నేల అన్నది నిజమే. కానీ డ్వాక్రా సంఘాలు వీధి వీధినా ఉన్న మన రాష్ట్రాల్లో ఆ సాకు మరీ అంత బలమైనది కాదు.

కేంద్రం 2012లో జాతీయ పాలియేటివ్ కేర్ కార్యక్రమాన్ని ప్రకటించింది. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన సేవల జాబితాలో కూడా ఇది ఉంది. జాబితాకూ మందుల బీరువాకూ మధ్య దూరం ఇంకా చాలా ఉంది. పాలియేటివ్ మెడిసిన్‌లో ఎండీ కోర్సు 2012లో ముంబై టాటా మెమోరియల్‌లో మొదలైంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనికి కేంద్రం హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. డాక్టర్ గాయత్రి పాలట్ నాయకత్వంలో అక్కడ పెరిగిన విభాగం పిల్లల ఉపశమన చికిత్సకు దేశంలోనే పేరు తెచ్చుకుంది. పిల్లల విషయంలో నొప్పిని అంకెల్లో అడగలేరు. నవ్వు నుంచి ఏడుపు దాకా గీసిన ముఖాల బొమ్మలు చూపించి ‘నీది ఏది’ అంటారు. బొమ్మలు, ఆటలు, బడి పాఠాలు కూడా అక్కడ చికిత్సలో భాగమే. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ ట్రస్టు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పీస్ రోగుల నుంచి డబ్బు తీసుకోకుండా నడుస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టి, ‘ఆలన’ పేరుతో ఇంటికి వెళ్లే వాహనాలను నడిపింది. ఆంధ్రప్రదేశ్‌లో టాటా మెమోరియల్ ఆధ్వర్యంలోని విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది.

క్యాన్సర్ ఆసుపత్రి గోడ దాటాక మాత్రం అంతా పలచబడిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య ఊరూరా కిడ్నీ రోగులున్నారు. ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. వాళ్లకోసం డయాలసిస్ కేంద్రాలు, పలాసలో ప్రత్యేక ఆసుపత్రి వచ్చాయి. డయాలసిస్ ఒంటికి పడనివాళ్లకు, ఇక చాలనుకున్నవాళ్లకు ఒంటి దురద, వికారం, ఆయాసం, ఒళ్లు ఉబ్బడం వంటివి చూసుకునే బృందం అంతే అవసరం. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆపరేషన్లు, కీమో సైకిళ్ల వంటి లెక్కకు దొరికే వైద్యానికి డబ్బు కడతాయి. పుండు కట్టు మార్చడానికి వారానికి రెండుసార్లు ఊళ్లోకి వచ్చే నర్సు ఆ ప్యాకేజీ లెక్కలో సులువుగా ఇమడదు.

చట్టం

ఉపశమన చికిత్సను కారుణ్య మరణంతో కలిపి చూడటం మామూలైపోయింది. మందు ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరం, ఈ శాఖ దాన్ని కోరదు కూడా. చావును తొందరపెట్టకపోవడం, అనవసరంగా సాగదీయకపోవడం రెండూ దాని నియమాలే. వెంటిలేటర్ వంటివి తీసేయడం గురించి సుప్రీంకోర్టు అరుణా షాన్‌బాగ్ కేసులో 2011లో మొదటిసారి దారి చూపింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమేనని, తనకు స్పృహ లేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో మనిషి ముందే రాసిపెట్టుకోవచ్చని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అప్పుడు పెట్టిన మేజిస్ట్రేట్ సంతకం వంటి షరతులు ఆచరణకు లొంగలేదు. 2023 జనవరిలో వాటిని సడలించి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే చాలన్నారు. ఆసుపత్రిలో ముగ్గురేసి డాక్టర్లున్న రెండు బోర్డులు ఒకదాని తర్వాత ఒకటి పరిశీలించి, వీలైతే 48 గంటల్లోపు అభిప్రాయం చెప్పాలి.

ఇంటికి తీసుకెళ్లేముందు

తీవ్రమైన జబ్బున్న రోగిని డిశ్చార్జ్ చేస్తున్నప్పుడు కుటుంబం అడిగి తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. ఈ ఆసుపత్రికి మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉందా, లేకపోతే దగ్గర్లో ఎక్కడుంది. నొప్పి రాత్రిపూట లేస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. గొట్టం ద్వారా ఆహారం పెడుతుంటే అది ఎలా పెట్టాలో, ఎన్నాళ్లకు మార్చాలో. కట్టు ఎలా మార్చాలో చేసి చూపిస్తారా. డిశ్చార్జ్ కాగితంలో జబ్బు ఏ దశలో ఉందో స్పష్టంగా రాశారా. అది లేకపోతే మరో ఆసుపత్రిలో మార్ఫిన్ ఇవ్వడానికి వెనకాడతారు, ఇంట్లో చనిపోతే మరణ ధ్రువీకరణ పత్రం దగ్గరా ఇబ్బంది పడాల్సి వస్తుంది. రోగి రాలేని స్థితిలో ఉన్నప్పుడు మందు తీసుకోవడానికి కుటుంబసభ్యుడు ఏ కాగితాలు తేవాలో కూడా అప్పుడే అడగాలి. ఇంట్లో మార్ఫిన్ మాత్రలను పిల్లలకు అందని చోట పెట్టాలి, మిగిలిపోయినవాటిని ఇచ్చిన కేంద్రంలోనే తిరిగి అప్పగించాలి.